ఆముదం మిల్లుకు హైడ్రోజన్

నేను ఒక ఎలక్ట్రోలైజర్‌ని. నీళ్లను కరెంటుతో విడగొట్టి, హైడ్రోజన్‌ను ఒక వైపుకు, ఆక్సిజన్‌ను మరో వైపుకు పంపడం నా పని. చెన్నై దగ్గర ఒక కర్మాగారంలో నికెల్ పలకలను వరసగా పేర్చి, బోల్టులు బిగించి నన్ను తయారు చేశారు. అప్పట్లో నాలాంటి యంత్రాలు దేశంలో ఎక్కువ లేవు. అందుకే నా ధర విని చాలామంది లేచి వెళ్లిపోయారు. లేవనివాడు ఒక్క కంబగిరిరాయుడే.

ఆయన కర్నూలు జిల్లాలో డ్రిప్పు పైపులు అమ్మి పైకి వచ్చిన మనిషి. ఒక గుట్ట మీద సోలార్ పలకలు పరిచి, వాటి పక్కనే నన్ను నిలబెట్టాడు. ప్రారంభం రోజున వచ్చిన పెద్దలందరూ, పొగ లేని ఎండ కరెంటుతో పుడుతుందని నా గ్యాసును పచ్చ హైడ్రోజన్ అని పొగిడారు. దానికి ఏ రంగూ ఉండదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

పొగడ్తలు అయ్యాక అమ్మకం మొదలుపెట్టాలి. కొంటామని మాటిచ్చిన ఎరువుల ఫ్యాక్టరీ వెనక్కి తగ్గింది. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్ వాళ్లకు నా గ్యాసు ధరలో సగానికే దొరుకుతోంది. నా గ్యాసు ఖర్చులో ముప్పాతిక వంతు కరెంటుదే. పైగా కొనేవాళ్లు లేక నేను ఊరికే నిలబడితే బ్యాంకు అప్పు వాయిదా ఆగదు. కొన్ని నెలలకు కంబగిరిరాయుడి ముఖం చూడలేకపోయాను.

"అమ్మేద్దాంలే తల్లీ. పాత ఇనుం కింద ఎంతొస్తే అంత," అన్నాడు ఒక పొద్దున, నన్ను నడిపే ఇంజనీరు షమీమ్‌తో.

షమీమ్ వాల్వు కట్టేసి చేతులు తుడుచుకుంది.

"మనం చవగ్గా కొనేటోళ్ల దగ్గరికి పోయినాం సార్. ఖరీదు పెట్టి కొనేటోళ్లు యాడున్నారో చూడలేదు."

"ఎవురున్నారు?"

"ఆదోనిలో ఆముదం మిల్లు. నూనెను మైనం చేసేదానికి వాళ్లకు హైడ్రోజన్ కావాల. సిలిండర్లు పక్క రాష్ట్రం నుంచి లారీలో వస్తాయి. ఆ లారీ మోసేది ఇనుము సార్, గ్యాసు కాదు. అంత బరువు సిలిండర్‌లో గ్యాసు అర కిలో ఉంటే ఎక్కువ. మిల్లాయన డబ్బులన్నీ డీజిల్‌కే పోతాండాయి."

"మనమూ ఈ గుట్ట మీంచి లారీలోనే కదా పంపాల?"

"గ్యాసును మోస్తే ఖర్చు. కరెంటు తీగలో పోతాది. మిషన్‌నే మిల్లుకు తీసకపోదాం."

కంబగిరిరాయుడు సోలార్ పలకల వైపు చూశాడు. తన పేరు రాయించుకున్న గుట్ట అది. చివరికి, "పోదాం పా," అన్నాడు.

మిల్లు యజమాని బసవరాజశెట్టి నవ్వని మనిషి. "పచ్చదో ఎర్రదో నాకెందుకమ్మా. లారీ గ్యాసు కన్నా తక్కువకిస్తావా? ఒకసారి కాసి చూస్తా. మైనం పాడయితే మీ మిషన్‌ను మీరే ఎత్తకపోవాల."

షమీమ్ ఒప్పుకుంది. ఇంకొక మాట కూడా అడిగింది: సోలార్ కరెంటు చవగ్గా దొరికేది పగలే కాబట్టి నూనె కాచే పని పగటికి మార్చాలని. శెట్టి గొణిగి, సరేనన్నాడు.

నన్ను, నేనున్న ఇనుప కంటైనర్‌తో సహా, మిల్లు వెనక దించారు. నూనె మొదటిసారి కాచిన రోజున నా గ్యాసు పైపులో కదులుతుంటే కంబగిరిరాయుడు కూర్చోలేదు, నిలబడలేదు. సాయంత్రానికి మైనం తెల్లటి రేకులుగా రాలింది. శెట్టి ఒక రేకు తీసి వేళ్ల మధ్య నలిపాడు, వెలుగులో పెట్టి చూశాడు.

"రేపట్నుంచి లారీ వద్దని చెప్పండి," అన్నాడు గుమాస్తాతో.

షమీమ్ అక్కడున్న బస్తాల మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఆమెకూ భయమేనని అప్పుడు తెలిసింది నాకు.

నేను అక్కడే ఏళ్ల తరబడి పనిచేశాను. అప్పు తీరింది. అయితే ఎక్కువ మురిసింది మాత్రం మిల్లులో పనిచేసే ఈరమ్మ. "రాత్రి పని పాయె. పిల్లోల్ల పక్కన పండుకుంటాండా," అని అందరికీ చెప్పేది. ఆ లెక్క ఏ బ్యాంకూ వేయలేదు.

నా నికెల్ పలకలు అరిగేకొద్దీ అంతే గ్యాసుకు నేను ఎక్కువ కరెంటు తాగసాగాను. షమీమ్ లెక్క కట్టి, నన్ను తీసేయాలని తానే చెప్పింది. నా మీద మమకారంతో అంకెలు మార్చలేదు. ఆమె మీద నాకున్న గౌరవం అందుకే.

కొత్త యంత్రం వచ్చిన రోజు కంబగిరిరాయుడు దాని చుట్టూ తిరిగాడు.

"దీని ధర మనదాంట్లో సగం. ఇన్నేండ్లు ఆగింటే సరిపోయేది కదమ్మా?"

"మొదట కొనేటోళ్లు లేకుండా అందరూ ఆగింటే ధర సగానికి యాడ దిగేది సార్?" అంది షమీమ్.

ఆయన నా మూత మీది దుమ్మును కండువాతో తుడిచి, క్రేన్ వాళ్లను నిదానంగా ఎత్తమన్నాడు.