మొనలు కలవని మిషను

"మా ఆవిడ పెద్ద ఇంజనీరండీ, ఆవిడ సరేనంటేనే కొంటాం" అన్నాడు మా ఆయన, పాత మిషన్లు అమ్మే షాపతనితో. ఇద్దరూ పళ్ళికిలించారు. నేను నేల మీద చతికిలబడి చెక్కని గిర్రున తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేత్ మిషను కాళ్ళు ఊపి చూస్తున్నాను.

నాకు చిన్నదే కావాలి. చిన్నదైనా బరువుండాలి, ఊగకూడదు. మిగిలిన డబ్బు మూడు మంచి ఉలులకీ, వాటికి సానపట్టే రాయికీ. కుర్చీల వర్క్‌షాపులో ఇన్నేళ్ళూ గరుకు కాగితం రుద్దుతూ, లేత్ దగ్గర నిలబడ్డ మగవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్న చదువిది. సొంత మిషనుంటే స్టూలు కాళ్ళ పని ఇంటికే ఇస్తానన్నాడు మా ఓనరు. ఆ మాట విన్నప్పటి నుంచీ నేను నేల మీద లేను. వెనక నుంచి ఎవరూ అరవకుండా, నా చేత్తో నేను ఒక వస్తువు చేస్తాను.

మా ఆయన కన్ను మూలనున్న పెద్దదాని మీద పడింది. కొత్తగా రంగు కొట్టారు. చౌక, పైగా డజను ఉలుల పెట్టె ఉచితం. నేను దాని రెండు మొనలూ దగ్గరికి జరిపాను. చెక్కను చెరోవైపు నుంచి పట్టుకునేవి అవే, ముక్కూ ముక్కూ తాకినట్టు కలవాలి. కలవలేదు. బియ్యపు గింజంత తేడా.

"ఇది వద్దండీ. చెక్క నిలవదు. తిరుగుతూ తిరుగుతూ ఊడి మొహం మీదికొస్తుంది."

"నువ్వు అంట్లు తోముతుంటే నేనొచ్చి సలహాలిస్తున్నానా?"

షాపతను పడీపడీ నవ్వాడు. నా జీతంలోంచి నేను దాచుకున్నది మా ఆయన చేత్తో అతని జేబులోకి వెళ్ళింది.

ఇంటికొచ్చాక తెలిసింది, అది నాకోసం కాదని. "తమ్ముడు ఖాళీగానే ఉన్నాడుగా, వాడు చేస్తాడు. నువ్వు రుద్ది పాలిష్ పెట్టు, నీకలవాటే" అన్నాడు. స్టూలు కాళ్ళ పని కూడా తమ్ముడి పేరు మీదే మాట్లాడేశాడట. "ఆడది ఆ చప్పుడు ముందు నిలబడితే ఏం బావుంటుంది" అంది మా అత్తగారు. నాకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది.

మరిది వెనకగదిలో మిషనుకి దుంగ బిగించి, సరిగ్గా దాని ఎదుట మొహం పెట్టి నిలబడ్డాడు.

"పక్కకి జరుగు బాబూ. ఆ మొనలు కలవలేదు" అన్నాను.

"నువ్వు చీపురు రెడీగా పెట్టుకో వదినా" అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. నేను మళ్ళీ నోరు తెరిచాను.

"నోటికి తాళం వేసుకుని ఆ స్విచ్ వెయ్యవే" అన్నాడు మా ఆయన.

మరిది ఇంకా అక్కడే ఉన్నాడు. ఇంకోసారి చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. మా ఆయన చెప్పిన రెండు పనులూ చేశాను.