కళ్లు మూసుకుని ఎత్తిన చేతులు

రాఘవేందర్ చేసిన ద్రోహం పరాయివాడు చేసి ఉంటే అమీర్‌పేట బండ్లవాళ్లు ఒక్కపూటలో తేల్చేసేవారు. కానీ అతను తమవాడు. ఒకప్పుడు తమ పక్కనే సాక్సులమ్మినవాడు, ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

"రోడ్డు పని, వారం రోజులే" అని అతను చెబితే పంజాగుట్టలో బండ్లు తీశారు. వారం తిరిగేసరికి అక్కడ ఇనుప కంచె లేచింది. లోపల మోటార్‌సైకిళ్లు నిలబెట్టి ఒక కాంట్రాక్టర్ కిరాయి గుంజుతున్నాడు. జామకాయలమ్మే చిలకమ్మ చోటూ అందులోనే పోయింది. ఆమె ఆ కంచె పట్టుకుని ఏడుస్తుంటే అమీర్‌పేటలో అరటిపళ్ల బండి పెట్టే మొగిలయ్య కళ్లారా చూశాడు.

ఇప్పుడు అమీర్‌పేట వంతు. కోచింగ్ సెంటర్ల వెనుక సందులో మీటింగు పెట్టి రాఘవేందర్ అదే పాట పాడాడు. "వారం రోజులే. నన్ను నమ్ముండ్రి."

ఇడ్లీబండి బుచ్చిబాబు లేచాడు. "పంజాగుట్టలో కూడా వారమే అన్నారు కదండీ. కాగితం మీద రాసిస్తారా?"

"ఓ గోదావరి భాయ్! నిన్నగాక మొన్నొచ్చి మా అన్ననే అడుగుతవా?" అని పక్క బండి మహిపాల్ అరిచాడు. "చట్నీల నీళ్లు కలిపినంత అల్కగుంటదా సంఘం నడుపుడు?"

అందరూ గొల్లుమన్నారు. బుచ్చిబాబు కూర్చున్నాడు.

మొగిలయ్య గొంతులోనూ అదే ప్రశ్న ఉంది. కానీ లాక్‌డౌన్‌లో ఇంటికి బియ్యం పంపింది రాఘవేందరే. పైగా ఇంతమంది నమ్ముతుంటే తన బుర్రకే ఏదో తెగులు పట్టిందేమో అనిపించింది. పక్కవాడి మొహం చూసి తన మనసు తెలుసుకోవడం, పేదవాడికి చిన్నప్పటి నుంచీ నేర్పిన చదువు అదొక్కటే.

"ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు రాఘవేందర్. ఒకరిని చూసి ఒకరు ఎత్తారు. మొగిలయ్య కూడా ఎత్తాడు. రాఘవేందర్ దండం పెట్టి వెళ్లిపోయాడు.

సందు మొదట్లో గంప దించుకుని ఇదంతా విన్న చిలకమ్మ లోపలికొచ్చింది.

"అయ్యిందా భజన? నేను సుత ఒకటడుగుత. అందరు కండ్లు మూయుండ్రి."

"ఏందక్కా, దాగుడుమూతలా?"

"మూయిరా మహిపాల్! తొంగి చూసినవో జాంకాయతోని కొడ్త. రాఘవేందర్ మాట మీద ఎవలికి అనుమానముందో చెయ్యెత్తుండ్రి. దించకుండ్రి."

మూసిన కళ్ల వెనుక పక్కవాడు లేడు. ఒక్కడినే అయితే నవ్వులపాలేనని భయపడుతూనే మొగిలయ్య చెయ్యెత్తాడు.

"ఇగ తెరువుండ్రి."

సందు నిండా చేతులే. మహిపాల్ చెయ్యి కూడా పైకే ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మరి ఇందాక నన్నెందుకు కూర్చోబెట్టావయ్యా?" అన్నాడు బుచ్చిబాబు.

మహిపాల్ తల దించుకున్నాడు. "నువ్వడిగింది తప్పని కాదు భాయ్. అడిగింది నువ్వని."

మర్నాడు ఒక్క బండీ కదలలేదు. లారీ వచ్చింది, దాని వెనకే పోలీసు వ్యాను. రాఘవేందర్ మొగిలయ్య మీదికొచ్చాడు. "నా బియ్యం తిన్నవ్ రా!"

"తిన్ననన్నా. బియ్యమిచ్చినవ్ గానీ నా నోరు కొనలే."

పోలీసులు తోసిన తోపుకి మొగిలయ్య బండి తలకిందులైంది. అరటిగెలలు బూట్ల కింద నలిగాయి. అతన్ని ఈడ్చి వ్యాన్‌లో వేశారు. ఆ ఖాళీలో కాంట్రాక్టర్ మనుషులు ఇనుప స్తంభాలు పాతారు. వ్యాన్ కిటికీ జాలీలోంచి మొగిలయ్య చూశాడు: చిలకమ్మ, బుచ్చిబాబు, మహిపాల్ మిగిలిన బండ్లకు అడ్డంగా లారీ ముందు కూర్చున్నారు. కోచింగ్ సెంటర్ల మెట్ల మీది నుంచి పిల్లలు దిగి వచ్చి వాళ్ల పక్కన చేరారు. "ఇంకొక్క బండి కదలది!" అని రోడ్డంతా అరిచింది. లారీ వెనక్కి తిరిగింది.

ఆ రోజు పోయింది మొగిలయ్య చోటొక్కటే. ఫుట్‌పాత్ మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు.