నా మాట చెప్పే మనిషి

ఆ పొద్దున నేను ఇస్త్రీ చేసింది నా కొడుకు చొక్కా. సర్కారు ఆఫీసులో నా తరఫున మాట్లాడడానికి వాడు వేసుకువెళ్లే చొక్కా. కాలరు దగ్గర ముడత పోలేదని మళ్లీ చేయించాడు.

"అక్కడ పెద్దవాళ్లుంటారమ్మా. చూడ్డానికి మర్యాదగా ఉండాలి కదా."

అప్పటికే పిల్లల డబ్బాలు, అంట్లు, కోడలి స్నానానికి నీళ్లు అన్నీ అయ్యాయి. ఆఫీసు నుంచి పిలుపు వచ్చిన దగ్గర్నుంచి కోడలు నాతో చెప్పదలచుకున్నవన్నీ పొయ్యికే చెబుతోంది. "కొందరికి కన్నకొడుకు ఇల్లు కూడా సత్రమే," అంది ఆ పూట.

ఒంటరి ఆడవాళ్లకు సర్కారు గదులిస్తుందని చెప్పి, నా పేరు రాయించింది పక్కింటి టైలరమ్మ. మా ఆయన పోయాక నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. ఆయన ఉన్నన్నాళ్లూ, "చదివి పెట్టడానికి నేను లేనా?" అనేవాడు. లేకుండా పోయాడు. గది రావాలంటే ఇంట్లో ఎందుకు ఉండలేనో నా నోటితో నేనే చెప్పాలట. ఈ పరాయి దేశంలో ఆఫీసులో మాట్లాడేది ఇంగ్లీషు. అందుకని కొడుకు.

అధికారి నా ఈడుదే. ఆవిడేదో అడిగింది. "ఇంట్లో ఎలా ఉందంటున్నారమ్మా," అన్నాడు వాడు. వంటింట్లో పడుకుంటున్నాననీ, ఒంట్లో ఓపిక లేదనీ, జ్వరమొచ్చినా చాకిరీ ఆగదనీ, ఒక్కదాన్నే ఉండాలనుందనీ చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. చెప్పిన ఆ కాస్తే నాకు చాలాసేపు పట్టింది. వాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆవిడ నా వైపు చూసి, పసిపిల్లను చూసినట్టు నవ్వింది.

ఆవిడ వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. వరుసకో లిపి. ఒక వరుస తెలుగు. కూడబలుక్కున్నాను: మీ భాషలో మాట్లాడే మనిషి కావాలంటే అడగండి. ఖర్చు లేదు.

లేచి వెళ్లి ఆ వరుస మీద వేలు పెట్టాను.

"కూర్చోమ్మా, అదేదో ప్రకటన," అన్నాడు కొడుకు.

అధికారి నా వేలిని చూసింది, వాణ్ణి చూసింది, ఫోను తీసింది. కాసేపటికి బల్ల మీదున్న ఆ ఫోనులోంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "నమస్కారమండీ. మీరు ఏది చెబితే అది ఉన్నదున్నట్టు వాళ్లకు చెబుతాను. నా సొంత మాట ఒక్కటీ కలపను."

పుట్టి బుద్ధెరిగాక నాతో ఆ మాట అన్న మనిషి లేదు.

"ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా, బయటికి పోనివ్వకుండా తాళం వేస్తున్నారా అని అడుగుతున్నారండీ."

నోరు తెరిచాను. టైలరమ్మ దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ జరిగేదంతా నాలుక చివరికి వచ్చింది. పక్క కుర్చీలో కొడుకు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వాడు ఇక ఏ మాటా అటు నుంచి ఇటు మోయనక్కర్లేదు. వింటే చాలు. నాకు వచ్చింది తెలుగొక్కటే. అది వాడికీ వచ్చు. నేనే నేర్పాను. "వీణ్ణి బయటికి పంపండి" అన్నా, ఆ మాట అధికారికి చేరేలోపే వాడి చెవిలో పడుతుంది. గది ఇవాళే ఇవ్వరు, వరుసలో నాకంటే ముందు ఎందరో ఉన్నారని టైలరమ్మ ముందే చెప్పింది. నా వంతు వచ్చేదాకా ఉండాల్సింది ఆ తాళం వెనకే.

"చెప్పమ్మా, మొహమాటపడకు," అన్నాడు నా కొడుకు మెత్తగా.

"అలాంటిదేం లేదమ్మా," అన్నాను ఫోనుతో. "కొడుకు బాగానే చూసుకుంటున్నాడు."

ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "ఇంకేమైనా చెప్పమంటారా అండీ?"

"ఇంకేం లేదు తల్లీ."

అప్పుడు ఆ అమ్మాయి నా మాటను ఇంగ్లీషులో చెప్పింది. నేను ఎంత అన్నానో సరిగ్గా అంతే చెప్పింది. తన సొంత మాట ఒక్కటీ కలపలేదు.