ఉల్లిపాయల కళ్యాణి

తప్పంతా టీవీవాళ్ల మీదకు నెట్టేయకండి. మగాడొకడు చీర కట్టుకుని, గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు రాగం తీస్తుంటే, పెళ్లాం వేసిన పకోడీలు నములుతూ పొట్ట పట్టుకుని నవ్వే మీ అందరిదీ తప్పు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్టు నడిపే మల్లేశ్వరరావు కూడా ఆ నవ్వేవాళ్లలో ఒకడు. చెడ్డవాడు కాదు. భార్యకు జలుబు చేస్తే మిరియాల పాలు తనే కాస్తాడు. "మా ఉమ ఏలూరులో సంగీతం నేర్చుకుందండీ" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటాడు. అయితే ఉమామహేశ్వరి పెనం దగ్గర గొంతు సవరించుకుందా, తువ్వాలు పైటలా వేసుకుని టీవీలోవాడిలా ఊగిపోతాడు. కూతురు సింధూరి దొర్లి దొర్లి నవ్వుతుంది. ఉమకూ నవ్వొస్తుంది, అదీ ఆమె ఖర్మ. ఆ టీవీవాడికి శ్రుతి చక్కగా కుదురుతుందని కూడా ఆమెకు తెలుసు. ఎక్కడో బుద్ధిగా నేర్చుకున్నవాడే, పాపం. వాణ్ణీ ఎవరూ పూర్తిగా పాడనిచ్చి ఉండరు. తనకు మాత్రం ఏం దక్కింది? పేరంటంలో హారతి పాటొకటి. రెండో చరణం ఎత్తేలోగా "చాల్లేమ్మా, తాంబూలాలు ఇచ్చెయ్" అనేవారు అత్తగారు. అక్కడితో సంగీతం సమాప్తం.

ఆదివారం పొద్దున మల్లేశ్వరరావు ఫోన్ ఊపుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"ఉమా, నువ్వు సెలెక్టయ్యావే! ఆ చీరవాడి కామెడీ షోవాళ్లే ఫోన్ చేశారు."

ఆమె ఉల్లిపాయలు తరుగుతూ, కళ్లూ ముక్కూ కారుతుండగా కళ్యాణి రాగంలో కీర్తన పాడుకుంటుంటే చాటుగా వీడియో తీసి పంపాడట. స్టేజి మీదా అలాగే తరుగుతూ పాడాలట. కన్నీళ్లు పట్టడానికి వెనక ఇద్దరు బకెట్లతో నిలబడతారట.

"ఊరంతా నిన్ను చూస్తుందే!" అన్నాడు. బహుమతి తెచ్చినవాడి ముఖం అది, వెలిగిపోతోంది. అందుకే ఆమెకు వచ్చిన కోపం కూడా సూటిగా నిలబడలేదు.

"ఏవండీ, ఆ కీర్తన చివర ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "చివరిదాకా నువ్వెప్పుడు పాడావు?"

అన్నాక ఆ మాట అతనికే తగిలింది. ఫోన్ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

ఉమ కత్తిపీట వాల్చి, స్టవ్ కట్టేసింది.

"షో సంగతి తర్వాత చూద్దాం. నవ్వించడానికి నాకేం భయం లేదు. ఒక్కసారైనా పూర్తిగా వినకుండా నవ్వే హక్కు మాత్రం మీకు లేదు. సింధూరీ, టీవీ ఆపు. మీరు హోటల్‌కి ఫోన్ చేసి భోజనాలు చెప్పి, నా ఎదురుగా కూర్చోండి. నేను ముగించేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు. ఊఁ, కూర్చోండి."