పంటి మీది గాడి

ఎక్కడైనా సందు కనిపిస్తే పూడ్చేదాకా తేజస్వికి చెయ్యి ఊరుకోదు. గోడకు మేకు ఊడిన చోటు కనిపించినా అంతే. ఆ సంగతి తెలిసే, డిగ్రీలో ఆమెకు చరిత్ర చెప్పిన రాజేశ్వర్ రావు సార్ పుర్రె పని ఆమెకిచ్చాడు.

జనగామ దిక్కు ఒక చెలకలో బయటపడ్డ రాతి సమాధిలో దొరికిన పుర్రె అది. రెండు వేల ఏళ్ల పైమాటే. అసలుదాన్ని పెట్టెలోంచి తీయనివ్వరు. చుట్టూ స్కాన్ చేసిన ఫైలు మాత్రం ఇచ్చారు. అందులోని పగుళ్లు, చిల్లులు సరిచేసి, ప్రింటరు ప్లాస్టిక్‌ను పొర మీద పొర పోసి తయారు చేసేందుకు వీలైన మోడల్ చేయాలి. బడిపిల్లలు చేతుల్లోకి తీసుకుని చూడడానికి.

"ఇది మంచిగొస్తే మిగతా ఎముకలన్నీ నీకే" అన్నాడు సార్. పెళ్లైన ఆరేళ్లకు ఆమె పేరున వచ్చిన మొదటి పని.

వంటిల్లు సర్దుకున్నాక మిగిలే మధ్యాహ్నాల్లో మూడు వారాలు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎడమ చెంప ఎముక సగం లేదు. కుడి చెంపను అద్దంలో చూసినట్టు తిప్పి అక్కడ అతికించింది. కణత దగ్గరి చిల్లు మూసింది. పై వరసలో ఎడమ పక్క ముందరి పన్ను అంచున చిన్న గాడి ఉంటే, మట్టిలో విరిగిందనుకుని, కుడి పన్నును తిప్పి దాన్నీ సరిచేసింది. సార్ చూసి శభాష్ అన్నాడు. కాలేజీలో ఒకటి ప్రింటు తీయించి, ఆఖరుసారి చూసుకొమ్మని ఇంటికి పంపించాడు. సోమవారం దాన్ని పిల్లల ముందు పెట్టాలి.

కొత్తవాడలోని తమ ఇంటి ముందర్రలో అత్త సమ్మమ్మ మగ్గం మీంచి దించిన షత్రంజీ తివాచీ అంచులకు కుచ్చులు ముడేస్తోంది.

"ఏందే అది?"

"పుర్రె, అత్తమ్మా. ప్లాస్టిక్‌ది."

"ప్లాస్టిక్‌దైతే మాత్రం? దేవుని అర్ర దిక్కు మొకం పెట్టకు."

తేజస్వి దాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టింది. సమ్మమ్మ కాసేపు ఓరగా చూసి, లేచి దగ్గరికొచ్చింది. భయం తీరగానే వంకలు వెతకడం ఆమెకు అలవాటు.

"ఎన్నేండ్లది?"

"ఆడమనిషిదట. చచ్చిపోయేటప్పటికి నలభై దాకా ఉంటయట."

"నలభయ్యా? పండ్లు కొత్త పెండ్లిపిల్ల లెక్కున్నయ్. పని చేసిన నోరు కాదిది. దొరసానా ఏంది?"

"పనికి, పండ్లకు ఏం సంబంధం?"

"మంచిగడిగినవ్. ఇటు చూడు." సమ్మమ్మ పై పెదవి ఎత్తింది. కుడి పక్క పన్ను అంచున సన్నటి గాడి. "నలభై ఏండ్ల సంది పోగు గీడ్నే పట్టి లాగుతాన. పంటి కింద పట్టకుంటే ముడి బిగుస్తదా?"

ఆ గాడిని తేజస్వి ఆరేళ్లుగా రోజూ చూస్తూనే ఉంది.

కంప్యూటర్ దగ్గరికెళ్లి పాత స్కాన్ తెరిచి, ఆ పన్నును పెద్దది చేసింది. విరిగిన చోటైతే అంచు పదునుగా ఉండాలి. ఇది నున్నగా, లోపలికంటా గుండ్రంగా ఉంది. సమ్మమ్మ అద్దాలు పెట్టుకుని వంగింది.

"అరిగిందే ఇది. నువ్వేం చేసినవ్?"

"పూడ్చేసిన."

"మస్తు చేసినవ్ పో. ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చినవ్."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, మొదటి పనే తప్పు చేసినదానికి మిగతా ఎముకలు ఎవరిస్తారు? తేజస్వి అన్నం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని సార్‌కు ఫోన్ చేసి గాడి సంగతి చెప్పింది.

"మీ అత్తమ్మ చెప్పిందా?" అన్నాడు సార్.

"ఆమె చెప్పింది, నేను చూసిన సార్."

"విరిగింది కూడా కావచ్చు కదమ్మా."

"కావచ్చు సార్. అదేందో మీరు తేల్చండి. నేనైతే తీసేయొద్దుండె."

"ఇంకేమేం పూడ్చినవ్?"

చెంప, కణత, పదకొండు పగుళ్లు. వరసగా చెప్పింది. "రాసి పంపు" అని సార్ ఫోన్ పెట్టేశాడు. మిగతా ఎముకల మాట ఎత్తలేదు.

ఆమె పన్నును ఉన్నదున్నట్టు తిరిగి పెట్టింది. తాను అతికించిన ప్రతి ముక్కనూ విడదీసి, వేరే రంగులో ప్రింటు తీసేలా ఫైలు మార్చి, జాబితాతో కలిపి పంపింది. ఆదివారం ఇంటికొచ్చిన కొత్త పుర్రెలో ఎముక ఎముక రంగులోనే ఉంది. తేజస్వి చేసినదంతా బూడిద రంగులో ఉంది. బూడిద రంగు తాననుకున్న దానికంటే ఎక్కువే ఉందని ఆమెకు అనిపించింది.

సమ్మమ్మ ఆ గాడిలో ఒక పోగు పెట్టి లాగి చూసింది. "ఎడమచేతి మనిషేమో" అని మళ్లీ కుచ్చుల దగ్గరికి పోయింది.

సోమవారం సాయంత్రం సార్ ఒక ఫైలు పంపాడు. మోచేతి ఎముక. కింద ఒక్క వాక్యం: "ఏదీ పూడ్చకు, ముందు నాకు చూపించు."

తేజస్వి ఫైలు తెరిచింది. ఎముక నడిమధ్యన ఒక చిన్న గుంట. చెయ్యి దానంతటదే మౌస్ మీదికి వెళ్లింది. చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అత్తమ్మా, జర అద్దాలు పెట్టుకొని రా."