దాలమ్మ ఇటుక

నేను ఒక తోపుడు బండిని. చక్రాలు నాలుగున్నాయి గాని దారి మాత్రం ఎప్పుడూ తోసేవాళ్లదే.

నన్ను చేయించుకున్నది నూకరత్నం. బర్మాలో పుట్టి, అక్కడ బతకనివ్వక ఓడెక్కి వచ్చిన మనిషి. కొబ్బరిపాలతో చేసే రంగూను నూడుల్సు అమ్ముదామని నన్ను సముద్రపుటొడ్డు బజారుకు తోసుకొచ్చింది. ఎవరూ నిలబడనివ్వలేదు. ఆ బజారుకొక కట్టుబాటుంది: ఇటుక ఎవరిదైతే చోటు వాళ్లది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా, మనిషి లేని చోటును ఇటుకే కాస్తుంది. బజ్జీల దాలమ్మ లేచి, రోజూ బొట్టు పెట్టుకునే తన ఇటుకను పక్కకు జరిపింది.

"ఇటొచ్చీవే. దేశం కాని దేశం నుంచొచ్చినదాన్ని ఎండలో నిలబెడతారేటి?"

"నీకు చోటు సాలదు గదప్పా."

"నానే కాస్త సన్నబడతాన్లే!"

ఏళ్లు గడిచాయి. బండ్లు తీసెయ్యాలని అధికారులు వచ్చినప్పుడల్లా నూకరత్నం నా మీదికెక్కి కేకలేసేది. ఆ గొంతుకే జనం ఓట్లేశారు. ఓట్ల రోజుల్లో తన బాణలితోపాటు ఆమె గిన్నె కూడా చూసుకున్నది దాలమ్మే. ప్రచారం చివరి సభలో నూకరత్నం దాలమ్మ ఇటుక మీద చెయ్యేసి, "దీన్ని కదిపే మొగోడు లేడు" అంది. నేనూ నమ్మాను. మనుషులను మోసినంత మాత్రాన తెలుసుకున్నట్టు కాదని అప్పటికి నాకు తెలియదు.

ఆమె మేయరైంది. ఒడ్డును అందంగా చెయ్యాలన్నారు. లారీ వచ్చింది. ఉత్తర్వు మీద సంతకం నూకరత్నానిదే. బండ్లన్నీ తుక్కులోకి పోయాయి. నాకు మాత్రం రంగులేసి, 'మన మేయరమ్మ తొలి బండి' అని బోర్డు కట్టి, ఆమె ఆఫీసు గుమ్మం ముందు నిలబెట్టారు. వాలు నేల కావడంతో జారాను. బజారు నుంచి ఎత్తుకొచ్చిన ఇటుకల్లో ఒకటి తీసి చక్రం కింద పెట్టారు. నూనె మరకలు, బొట్టు. దాలమ్మది.

చోటు అడుక్కోవడానికి వచ్చిన దాలమ్మ దాన్ని గుర్తుపట్టింది.

"బాబూ, అది నా ఇటుక."

"తీస్తే బండి పోద్ది మామ్మా," అన్నాడు కాపలావాడు.

"తియ్యొద్దులే. ఇటుక నాదైతే చోటూ నాదే గదా."

మర్నాడు పొయ్యి, బాణలి తెచ్చి నా పక్కన కూర్చుంది. నూనె కాగుతుండగా మేయరమ్మ కారు వచ్చి ఆగింది.

"ఒలే రత్నం, దిగీవే. బోణీ నీదే!"

అద్దం దిగలేదు. కారు వెనక్కి తిరిగి, రెండో గేటు వైపు పోయింది.