జోడించిన చేతులు

శ్రుతికి జడలు వేస్తూనే పాఠం చెప్పింది సరిత. నాన్న పేరు అడిగితే లక్ష్మణ్ అనాలి. తాత పేరు అడిగితే తెల్వదనాలి. ఆదివారం ఎక్కడికి పోతావని అడిగితే ఇంట్లోనే ఉంటాననాలి. ఐదేళ్ళ పిల్ల అన్నిటికీ బుద్ధిగా తలూపి, ఆఖరికి, “నాయన పేరు సాంసన్ గదమ్మా” అంది. రెండూ నాయన పేర్లేనని చెప్పి సరిత ఆ పిల్ల నుదుటి మీద స్టిక్కర్ బొట్టు అంటించింది. తనూ ఒకటి పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే ఎవరో ముఖం తెలియని చుట్టపామె ఇంటికొచ్చినట్టు అనిపించింది.

వీపనగండ్లలో ఇంట్లోనూ చర్చిలోనూ అతను సాంసన్. బడి సర్టిఫికెట్లలో, ఆధార్‌లో లక్ష్మణ్. వాళ్ళ వాడలో చాలామందికి ఇట్లా రెండేసి పేర్లు, ఒకటి దేవుడికీ ఇంకొకటి సర్కారుకీ. ఆ రెండోదాన్ని అద్దె ఇళ్ళకు కూడా వాడుకోవచ్చని ఈమధ్యే కనిపెట్టినవాడు మాత్రం సరిత మొగుడే.

బదిలీ అయింది సరితకు. ఆమె నర్సు. వనపర్తి దవాఖానకు వేశారు. సాంసన్ సెల్‌ఫోన్ల దుకాణం పెబ్బేరులో, ఎక్కడున్నా బండి మీద పోయి వచ్చేదే. డ్యూటీ దిగి వండి వార్చేది ఆమె, సెలవు రోజు పిల్లను చంకనేసుకొని ఎండలో టులెట్ బోర్డుల వెంట తిరిగేది ఆమె. ఏ కాలనీలో ఉండాలి, పిల్లను ఏ బడిలో వేయాలి అన్నది తేల్చడం మాత్రం అతని వంతు. “చూసుడు నీ పని, ఖాయం చేసుడు నా పని” అన్నాడు, సగం బరువు తానే ఎత్తుకుంటున్నట్టు.

మొదటి ఇంట్లో “మీరేంటోళ్ళు?” అని అడిగితే సరిత ఉన్నమాట చెప్పింది. మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. ఇంకో ఇంట్లో నిన్ననే ఎవరో మాటిచ్చి పోయారన్నారు. వారం తర్వాత అదే వీధిలోంచి పోతే బోర్డు అక్కడే వేలాడుతోంది. ఈ సంగతి ఇంట్లో చెబితే సాంసన్ ఆ ఇళ్ళవాళ్ళను ఒక్క మాటా అనలేదు. నోరు జర దగ్గర పెట్టుకోరాదా, అడిగితే మాత్రం మొకం మీద అట్ల చెప్తరా, ఇంత చదువు చదివి ఏం లాభం అని ఆమెనే అన్నాడు. అత్త జమ్ములమ్మ, బతుకంతా బొంబాయిలో, పూనాలో మట్టి తట్టలు మోసివచ్చిన మనిషి, ఆమె కూడా కొడుకు వైపే మొగ్గింది. మగోని ఇజ్జత్ ఆడిదాని నోట్లె ఉంటదంట. సరితకు నవ్వొచ్చింది. మొగుడి ఇజ్జతూ, అత్త ఇజ్జతూ, కులం ఇజ్జతూ అన్నీ తన నోట్లోనే దాచి ఉంచితే ఇక తను మాట్లాడేది ఎట్లా?

వేరే దారి లేక కాదు. వనపర్తిలో చర్చి ఉన్న వాడలో సరిత పిన్ని ఉంటుంది. పక్క వాటా ఖాళీగానే ఉంది, ఎవరేమిటని అడిగేవాళ్ళు లేరు. కానీ అక్కడినుంచి సాంసన్ ఖాయం చేసిన బడి దూరం. సరితది పొద్దున డ్యూటీ, పిల్లను దింపేదెవరు అంటే, “దుకాణం తెరిచేదెవ్వరు మరి?” అన్నాడు సాంసన్. అదీగాక, మళ్ళీ వాడకే పోతే ఎదిగింది ఏముందన్నాడు. ఆ మాట దగ్గర మాత్రం సరితకు అతనిమీద కోపం రాలేదు. ఆ బడిని ఆమె కూడా చూసింది. పిల్లలు వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చొని పుస్తకాలు చదువుకుంటున్నారు, ఏ టీచరు చేతిలోనూ బెత్తం లేదు. తన బిడ్డ అందులో కూర్చుంటే ఎట్లుంటుందో ఊహించుకొని గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. టులెట్ బోర్డు పెట్టిన సీతారాములు సార్ ఇల్లు ఆ గేటుకు ఎదురుగానే. మేడ మీద నిలబడితే పిల్ల బడిలోకి పోవడం కనబడుతుంది. ఆ ఇంటి కోసం ఒక బొట్టు, ఒక అబద్ధం ఎక్కువేమీ కాదని తనకు తనే నచ్చజెప్పుకుంది.

సీతారాములు సార్ రిటైరైన లెక్కల మాస్టరు. ఏంటోళ్ళని అడగలేదు, చదువుకున్నవాడు. వీపనగండ్లలో ఏ వాడకట్టమ్మా అన్నాడు. బస్టాండ్ దగ్గర అంది సరిత, మొగుడు నేర్పించినట్టే. సార్ భార్య వంటింటి నుంచి పళ్ళెంలో రవ్వలడ్డు తెచ్చి శ్రుతి ఒడిలో పెట్టింది. మంచి మనిషి, ముద్దుగా పెట్టింది. మేడ మీద నీళ్ళు ఎప్పుడొస్తాయో సార్ చెబుతున్నాడు. సరిత వింటూ ఓరకంట పిల్లను చూసింది.

శ్రుతి కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ జోడించింది. పెదాలు కదిలాయి, “యేసయ్యా...”

పళ్ళెం ముందు కూర్చుంటే ఆ పిల్లకు అది ఊపిరి పీల్చినంత అలవాటు. మాటలు వచ్చిన కొత్తలో సరితే నేర్పింది. పొద్దుటినుంచి చెప్పిన పాఠంలో అదొక్కటీ చెప్పడం మరిచిపోయింది. ఏం చేస్తున్నదో తెలియకముందే ఆమె చెయ్యి లేచి ఆ చిన్న చేతుల మీద పడింది. ఫట్‌మని చప్పుడైంది. లడ్డు దొర్లిపోయి సోఫా కిందికి చేరింది. సార్ మాట ఆపాడు. “ఈగ వాలింది” అంది సరిత. తన గొంతు తనకే వేరేగా వినబడింది.

శ్రుతి ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో ఏమో, సార్ భార్య వైపు తిరిగి, “అవును, ఈగ. పెద్ద ఈగ” అంది.

ఇల్లు దొరికింది. శుక్రవారం మంచిది, వచ్చి పాలు పొంగించుకోండి అంది సార్ భార్య. బస్సులోంచి ఫోన్ చేస్తే సాంసన్ పొంగిపోయాడు, ఇన్నాళ్ళకు తెలివి వచ్చిందన్నాడు. సరిత ఊ కొట్టింది. పిల్ల ఒడిలో నిద్రపోతోంది. చేతి మీద ఎర్రదనం ఎప్పుడో పోయింది. అయినా సరిత ఆ చేతినే చూస్తూ కూర్చుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. దుత్త మట్టిది, పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇళ్ళు ఇవ్వనివాళ్ళ మీద, బోర్డు తీయనివాళ్ళ మీద, సొంత పేరు దాచుకున్న మొగుడి మీద ఎత్తలేని చెయ్యిని, దేవుడికి దండం పెడుతున్న పిల్ల మీద ఎత్తింది. సరితకు సిగ్గేసింది. నర్సింగ్ హాస్టల్లో స్నేహితురాలు పచ్చడి సీసాను తనకు అందకుండా జరిపినప్పుడు వేసిన సిగ్గు ఇట్లాంటిది కాదు, ఆ సిగ్గు ఆ స్నేహితురాలిదేనని తర్వాత అర్థమైంది. ఇది మాత్రం ఎవరికీ అప్పజెప్పలేనిది, అచ్చంగా తనది. మాదిగింట పుట్టినందుకు సిగ్గుపడాలని బిడ్డకు ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు నేర్పుతారని ఆమెకు తెలుసు. వాళ్ళకన్నా ముందు తనే నేర్పేసింది. అంతకన్నా ఘోరం, ఆ పిల్ల పాఠం ఒక్కసారికే పట్టేసుకొని, తల్లి పరువు నిలబెట్టడానికి అబద్ధం కూడా ఆడింది.

సాయంత్రం అన్నం పెడితే శ్రుతి చేతులు జోడించబోయి, ఆగి, తల్లి చెయ్యి ఎక్కడుందో చూసింది. తర్వాత తల వంచుకొని తినడం మొదలుపెట్టింది. “ప్రార్థన మరిచినవా బిడ్డా?” అని జమ్ములమ్మ అడిగితే, “ఆకలైతుంది నానమ్మా” అంది. సాంసన్ ఫోన్లో సామాను తరలించడానికి ట్రాలీ మాట్లాడుతున్నాడు. సరిత కలిపిన ముద్దను కంచంలోనే వదిలి పిల్లను చూసింది. ఆ ఇంట్లో చేరితే ఈ పిల్ల రోజూ ఇట్లాగే చుట్టూ చూసుకొని తింటుంది. కొన్నాళ్ళకు చూసుకోవడం కూడా అక్కర్లేనంత బాగా అలవాటైపోతుంది. అప్పుడు తనే దాన్ని తెలివైన పిల్ల అంటుంది.

మరునాడు బడిలో మాట్లాడి వస్తానని చెప్పి పిల్లను తీసుకొని వనపర్తి బస్సెక్కింది. అబద్ధమేమీ కాదు. బడికి పోయే ముందు సార్ ఇంటి గేటు తీసింది. సార్ మొక్కలకు నీళ్ళు పడుతున్నాడు, భార్య అరుగు మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. మళ్ళీ వచ్చినవేమమ్మా, లోపలికి రా అంది ఆమె. సరిత అక్కడే నిలబడి శ్రుతిని తన ముందుకు తెచ్చుకుంది.

“సార్, మేం మాదిగోళ్ళం. చర్చికి పోతం. నిన్న నా బిడ్డ తినేముందల ప్రార్థన చేస్తుంటే మీరు చూస్తరని భయపడి కొట్టిన. ఈగ లేదు, ఏం లేదు.”

పైపులో నీళ్ళు పారుతూనే ఉన్నాయి. సార్ పైపును ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మార్చాడు. తమకు అట్లాంటి పట్టింపులు లేవన్నాడు. కాకపోతే వచ్చిపోయే చుట్టాలుంటారు, ఇంట్లో వ్రతాలవీ ఉంటాయి, పైగా నిన్న రాత్రే మేనల్లుడు ఆ మేడ కావాలన్నాడు. చక్కగా, నొప్పి తగలకుండా మాట్లాడాడు. భార్య మాత్రం తల ఎత్తలేదు, తుంచిన చిక్కుడునే మళ్ళీ తుంచుతోంది. ఏమనుకోవద్దమ్మా, నువ్వు అడిగితే కాదనలేను గానీ, అంటూ సాగదీశాడు సార్.

“నేను ఇల్లు అడగనీకి రాలేదు సార్” అంది సరిత. “నేను చేసింది తప్పని నా బిడ్డకు తెల్వాలె. దాని ముందల చెప్పనీకే వచ్చిన.”

శ్రుతి ఈసారి ఎవరి ముఖంలోకీ చూడలేదు. తల్లి కొంగు వదిలి, గేటు తోసుకొని ముందు నడిచింది. ఎదురుగా బడి గంట కొట్టారు. బడి సార్ వాళ్ళది కాదు కదా. పిల్ల ఇందులోనే చదువుతుంది. ఇల్లు పిన్ని పక్క వాటా. పొద్దున పిల్లను దింపేది సాంసన్, ఆ తర్వాతే పెబ్బేరులో దుకాణం తెరుచుకుంటుంది. ఈ సంగతి అతనికి సాయంత్రం చెప్పాలి, అడగాల్సిన పనేమీ లేదు.